పూచీ లేని మత్తయి

మత్తయి తడిగుడ్డతో కీబోర్డులు తుడుస్తున్నాడు. గోదావరిఖనిలో ఈ పనికి అంతూ పొంతూ లేదు. ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో పేలుడు జరిగినప్పుడల్లా షట్టరు గడగడలాడుతుంది, కాసేపటికి మీటల మీద మళ్ళీ నల్లటి పొడి దిగుతుంది. నలభై దాటిన మనిషి. పలచబడ్డ జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. నర్సింగం నెట్ సెంటర్లో ఏళ్ళుగా అదే మూల, అదే స్టూలు. బజారులో సగం మందికి అతను తెలుసు. ఎవరి తాలూకు అంటే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. రామగుండం స్టేషన్లో దొరికిన పసివాణ్ణి మిషన్ హాస్టల్ పెంచింది. పేరు కూడా వార్డెన్ పెట్టిందే.

సుజిత వచ్చింది. ప్రైవేటు దవాఖానలో నర్సు. ఊరంతా ఆమెను సిస్టర్ అంటుంది గానీ, మత్తయి నోటికి ఆ మాట ఎన్నడూ తిరగలేదు. కొత్తగూడెంలో సర్కారు ఉద్యోగం వచ్చిందట. ఆర్డరు కాగితం ప్రింటు తీసుకుని మధ్యాహ్నం బండికే వెళ్ళిపోతుందట. మత్తయి సంతోషమన్నాడు. లోపల గుండె చెరువైంది.

ఆ ఉద్యోగాల సైటు తెరిస్తే తెరంతా ఎర్రబడింది. ఇది నమ్మదగినది కాదు, వెనక్కి పొమ్మంది కంప్యూటరు. ఇన్నాళ్ళూ దొంగ సైటులో వివరాలు పెట్టానేమోనని సుజిత ముఖం పాలిపోయింది. అతను తన ఫోనులో చూశాడు. అక్కడ తాళం గుర్తుతో సాఫీగానే తెరుచుకుంది. ప్రింటరేమో ఈ ముసలి కంప్యూటరుకే ఉంది.

"ఫికర్ చెయ్యకుండ్రి. సైటు మంచిదే. దానికి ఒకలు పూచీ పడ్డరు, ఆళ్ళకు ఇంకొకలు. గట్ల పోంగ పోంగ ఒక పెద్దమనిషి ఉంటడు."

"ఆయనకు ఎవలు పూచీ?"

"ఎవలుండరు. ఆయన సంతకం ఆయనే పెట్టుకుంటడు. గసొంటోళ్ళ పేర్లు కంప్యూటర్ల ముందుగాలనే ఉంటయి. ఈయన కొత్తాయన, గీ పాతదానికి ఎరుకలేడు."

ఆ పెద్దమనిషి పత్రాన్ని నెట్‌లోంచి దింపి, అసలుదో కాదో ఒకటికి రెండుసార్లు సరిచూసి, కంప్యూటరు నమ్మేవాళ్ళ వరుసలో మత్తయి తన చేత్తోనే చేర్చాడు. తెర తెల్లబడింది.

"గంతేనా? నువ్వు ఒప్పుకుంటే అది నమ్ముతదా?" అంది సుజిత.

"గంతే."

ప్రింటరు మూలుగుతూ కాగితం వదులుతోంది. కొన్నేళ్ళ కిందట అతని తరఫున నర్సింగం ఈమె తండ్రి జాన్ ప్రసాద్ దగ్గరికి పెళ్ళిమాటకు పెద్దమనిషిగా వెళ్ళాడు. ఆయన బొగ్గుబాయిలో పని చేసినవాడు. కప్పు నిలుస్తుందో లేదో సర్దారు చూసి సుద్దతో సంతకం పెట్టందే అక్కడ ఎవరూ అడుగు వెయ్యరు. జాన్ ప్రసాద్ అడిగింది ఒకటే, ఎవలోళ్ళు అని. నర్సింగం వెళ్ళిన దారినే తిరిగొచ్చాడు. మత్తయికి కోపం రాలేదు. అడగవలసిందే అడిగాడనుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె మీద ఆశ మాత్రం చావలేదు.

కాగితం చేతికొచ్చినా సుజిత లేవలేదు.

"బాపు ఎవలోళ్ళని అడిగిననాడు నేను తలుపెనుకనే ఉన్న," అంది మెల్లగా. "నన్నయితే ఎవలు అడుగలే."

మత్తయి చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ పూచీ పడేవాడి కోసం చూశాడే తప్ప, ఒప్పుకోవలసిన మనిషి ఒకరున్నారని అతనికి తోచనేలేదు. ఇప్పుడైనా అడగొచ్చు. ఆమె కూడా అందుకే కూర్చున్నట్టుంది. బయట సామానుతో ఉన్న ఆటో హారన్ కొట్టింది. అతను లేచి ఆమెకు దారిచ్చాడు.

"పైలంగ పోండ్రి," అన్నాడు చివరికి.

ఆమె ఒక్క క్షణం చూసి, తల ఊపి, వెళ్ళిపోయింది. ఆటో స్టేషను దారి పట్టి కనుమరుగయ్యేదాకా మత్తయి గడపలోనే నిలబడ్డాడు. తర్వాత వచ్చినవాళ్ళను కూర్చోమనబోయి ఆగాడు.

చీర మాయకుండా ఆమె పరుచుకున్న తెల్ల చేతిరుమాలు కుర్చీలో అలాగే ఉంది.