అత్తగారి ఆవుల రక్తపరీక్ష

నవంబరు మూడో వారంలో, చలి సున్నాకి నలభై తొమ్మిది డిగ్రీల కిందికి దిగిన రోజున, వర్వారా ఆవులకి రక్తపరీక్ష చెయ్యడానికి పట్నం నుంచి డాక్టరు వచ్చింది. అంత చలిలో మనుషులు పక్కింటికి కూడా వెళ్ళరు. వచ్చినావిడ పేరు సయానా, ముప్పై ఏళ్ళుంటాయి. కనురెప్పల మీది మంచు కరిగేదాకా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పాలు పోసిన టీ రెండు కప్పులు తాగించి, అప్పుడు కొట్టంలోకి తీసుకెళ్ళింది వర్వారా.

పది ఆవులు. మనిషి నడుముకి కాస్త పైదాకా వచ్చే పొట్టి ఆవులు, ఒళ్ళంతా గొంగళి కప్పుకున్నట్టు బొచ్చు, పొదుగుకి కూడా బొచ్చే. బితంతాయ్ ఏటి ఒడ్డున తరతరాలుగా ఉన్న జాతి. పూటకి రెండు లీటర్ల పాలిస్తే వాటి దృష్టిలో అది దానం చేసినట్టు.

ఆ రెండు లీటర్ల కోసం వర్వారా ముప్పయ్యారేళ్ళుగా పొద్దున్న ఐదింటికి లేస్తోంది. రాత్రి గడ్డకట్టిన పేడని గునపంతో కొట్టి, చెక్కబండి మీద వేసి ఈడ్చుకెళ్ళి పారబోస్తుంది. పొదుగులకి కుందేలు తోలు సంచులు కట్టి, చెరువు మీద మంచులో తవ్విన గుంట దగ్గరికి తోలుకెళ్ళి నీళ్ళు తాగిస్తుంది. మళ్ళీ సాయంత్రం అదే. ఆమెకి యాభై ఏడు. మోకాళ్ళకి ఇంకో ఇరవై ఎక్కువే ఉంటాయి. భర్త ప్రొకోపికి ఎప్పుడో పాతికేళ్ళ కిందట నడుం పట్టేసింది. డాక్టర్లు రెండు వారాలు బరువులెత్తొద్దన్నారు. ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు.

సయానా ఒక్కో ఆవు మెడ తడిమి, సూది గుచ్చి, చిన్న సీసాల్లోకి రక్తం తీస్తోంది. వర్వారా తల పట్టుకుంటోంది.

"వీటికి చలి ఎందుకు వెయ్యదమ్మాయ్?"

"వేస్తుంది పిన్నీ. తట్టుకుంటాయి. బొచ్చు, కొవ్వు అందరికీ కనపడేవే. కనపడనివి రక్తంలో రాసి ఉంటాయి. మొన్నామధ్య ఒకటి దొరికింది. గుండె కండరానికి సంబంధించిన జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. చలికాలమంతా బొరియల్లో పడి నిద్రపోయే జంతువుల్లోనూ అదే మార్పు."

"నిద్రపోయే జంతువులా? వీటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో. నాలుగున్నరకే అరుపులు మొదలుపెడతాయి."

సయానా నవ్వింది. వర్వారా నవ్వలేదు. ఆమె అసలు అడగాలనుకున్నది వేరే ఉంది.

"బయటి ఎద్దు రక్తం ఎప్పుడైనా కలిస్తే, నీ పరీక్షలో తెలుస్తుందా?"

"వీటి ముత్తవ్వ నాడు కలిసినా తెలుస్తుంది. ముక్కలు ముక్కలుగా కనపడుతుంది."

"కలిసిందని తేలితే?"

"మా శుద్ధ జాతి జాబితాలోంచి తీసేస్తాం. ఇంక మీ ఇష్టం పిన్నీ. అమ్ముకోవచ్చు, కోసుకోవచ్చు. మీరేం భయపడకండి, ఎవ్డోకియమ్మ గారి ఆవుల గురించి పట్నంలో కూడా చెప్పుకుంటారు."

వర్వారా భయపడుతున్నట్టే మొహం పెట్టింది. ముప్పయ్యారేళ్ళ కాపురంలో అది ఆమెకి బాగా అబ్బిన విద్య.

ఎవ్డోకియా అంటే వర్వారా అత్తగారు. సర్కారు ఫారాలు నడిచిన రోజుల్లో, ఈ పొట్టి ఆవులు దండగ, ఎక్కువ పాలిచ్చే పెద్ద జాతి పెంచండి, నాటు ఎద్దులన్నిటికీ విత్తులు కొట్టండి అని ఆర్డరు వచ్చింది. ఎవ్డోకియా తన ఎద్దుని అడవిలో దాచేసింది. లెక్కలు రాసుకునేవాడు వచ్చినప్పుడల్లా, తోడేళ్ళు తిన్నాయని ఏడ్చేదట. ఒకే ఎద్దుని తోడేళ్ళు మూడుసార్లు తిన్నాయి. ఇప్పటికీ ఊళ్ళో ఆవిడ పేరు చెప్తే మగవాళ్ళు టోపీ సర్దుకుంటారు.

అలాంటి ఇంటికి ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో కోడలిగా వచ్చిన వర్వారా, మొదటి వేసవిలోనే ఒక పని చేసింది. ఇంట్లో ఉన్న పడుచు ఆవు ఎదకొచ్చిన రోజు పొద్దున్నే, మేపుకొస్తానని చెప్పి, దాని మెడకి తాడు కట్టి, దోమల్లో ఏటి వెంట ఏడు కిలోమీటర్లు నడిపించి, సర్కారు ఫారంలో ఉన్న ఎర్రమచ్చల పెద్ద ఎద్దు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఎద్దు సంతానం పూటకి బకెట్టు పాలిస్తుందని ఎవరో చెప్పారు. ఆమెకి కావలసింది ఒక బకెట్టు పాలు, అంతకంటే ఏమీ లేదు. కాపలావాడికి అరకిలో వెన్న ఇచ్చింది. పని అయింది.

మార్చిలో పెయ్యదూడ పుట్టింది. ఒంటి మీద ఎర్ర మచ్చలు. అది చూడగానే వర్వారాకి ఎర్ర ఎద్దు గుర్తొచ్చింది. పరాయి రక్తం, చలికి చచ్చిపోతుందని దాన్ని పొయ్యి వెనక పెట్టుకుంది, రాత్రుళ్ళు తన పెళ్ళినాటి తోలుకోటు కప్పింది. అది చావలేదు. బకెట్టు పాలూ ఇవ్వలేదు. కొట్టంలో ఇప్పుడున్న పదీ ఆ దూడ మనవరాళ్ళూ మునిమనవరాళ్ళే.

ఎవ్డోకియా పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని, "రక్తం శుభ్రంగా ఉన్నంతకాలం వీటిని కత్తికి ఇవ్వకు," అంది. వర్వారా సరే అంది. శుభ్రం ఎప్పుడో పోయిందని ఎలా చెబుతుంది? ఆ మాట ఊళ్ళో తెలిస్తే అత్తగారు దాచిన ఎద్దు, తోడేళ్ళు, టోపీలు అన్నీ ఏట్లో కలుస్తాయి. చెప్పలేకా, వదల్లేకా, చేసిన తప్పుకి పేడ ఎత్తుతూ వచ్చింది. ఇప్పుడు తను నోరు విప్పక్కర్లేదు. రక్తమే చెప్తుంది, అత్తగారికిచ్చిన మాటా తీరిపోతుంది. మాంసానికి అడిగేవాళ్ళు ఊళ్ళో ఉండనే ఉన్నారు.

ఆ చలికాలం గునపం కొంచెం తేలిగ్గా లేచింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ప్రొకోపి బల్ల దగ్గర గడ్డకట్టిన పచ్చి చేపని పల్చగా చెక్కుకుని తింటున్నాడు.

"పిన్నీ, మంచి వార్త," అంది సయానా. "పదికి పదీ స్వచ్ఛం. బయటి రక్తం చుక్క లేదు. జిల్లాలో ఇంత శుభ్రమైన మంద ఇంకోటి లేదు."

వర్వారా బెంచీ మీద కూర్చుంది.

"సీసాలు మారిపోయాయేమో చూడమ్మా."

"మారలేదు. రెండుసార్లు చేశాం."

"అలా అవదు."

"ఎందుకవదు?"

ప్రొకోపి వింటున్నాడని తెలిసీ, ఇంక దాచే ఓపిక లేక, వర్వారా ఏడు కిలోమీటర్లూ, ఎర్ర ఎద్దూ, అరకిలో వెన్నా చెప్పేసింది.

"మరి మచ్చలో?" అంది వర్వారా.

"మన జాతిలోనూ ఎర్రవి పుడతాయి పిన్నీ. ఆ ఆవు అప్పటికే మీ ఎద్దుతో చూలు కట్టి ఉంటుంది. ముందు వచ్చినవాడిదే దూడ. ఎర్ర ఎద్దు ఊరికే శ్రమపడింది."

"నేనూ," అంది వర్వారా. మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేసింది.

ప్రొకోపి చేపముక్కకి ఉప్పు అద్దుతూ తలెత్తలేదు.

"ముందురోజు సాయంత్రమే మన ఎద్దు దాటింది," అన్నాడు. "అమ్మ చూసింది. నేనూ అక్కడే ఉన్నాను."

"మరి పొద్దున్నే నేను తాడు పట్టుకుని వెళ్తుంటే?"

"ఎక్కడికెళ్తున్నావో అమ్మకి తెలిసిపోయింది. ఆపుదామన్నాను. ఆపొద్దంది."

"ఎందుకట?"

"వెళ్ళనీరా, తప్పు చేశాననుకుంటే దూడని ప్రాణంగా చూసుకుంటుంది అంది." ప్రొకోపి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "బాగానే చూసుకున్నావు కదే."

కోపం తెచ్చుకోవాలంటే కొంత బలం కావాలి. అది పొద్దున్న గునపం దగ్గరే ఖర్చయిపోయింది.

"ముప్పయ్యారేళ్ళలో నీకు చెప్పడానికి ఒక్క పూట కుదరలేదా?"

"నువ్వడగలేదు."

ఆమె లేచి పొయ్యిలో రెండు కట్టెలు వేసింది. మళ్ళీ కూర్చుంది. ఎంత ఆలోచించినా లెక్క ఒకలాగే వస్తోంది. రక్తం చెడలేదు కాబట్టి అత్తగారికిచ్చిన మాట అలాగే ఉంది. ఆవులు చచ్చేదాకా, కాకపోతే తను చచ్చేదాకా. కానీ చేసిన తప్పు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఏ తప్పుకి నోరు మూసుకుందో అదే లేదు. అత్తగారు అడిగిందేమిటి? కత్తికి ఇవ్వొద్దని. పెంచేవాళ్ళకి ఇవ్వొద్దని అనలేదు. రెండు లీటర్ల ఆవుని పెంచుతానని వచ్చేవాడు ఎవడుంటాడని ఆవిడకీ తోచలేదు, తనకీ తోచలేదు.

ఫోను తీసింది.

"సయానా, అంత శుభ్రమైన ఆవులు మీకేమైనా పనికొస్తాయా?"

"పిన్నీ, మా ఫారంలో ఐదింటికి చోటుంది. మిమ్మల్ని అడగడానికే భయపడ్డాను. పోయినేడు ఒకాయన్ని అడిగితే కుక్కని వదిలాడు."

"మాకు కుక్క లేదు. కొయ్యరు కదా?"

"కొయ్యం. కాగితం రాసిస్తాం. దూడలు పెట్టించి మంద పెంచుతాం. చూసుకోవడానికి నలుగురు పనివాళ్ళున్నారు."

"నలుగురా," అంది వర్వారా. నలుగురు మనుషులు చుట్టూ నిలబడి ఒక్క ఆవు పేడ ఎత్తుతున్నట్టు ఊహించుకుంది. "పదీ తీసుకోవచ్చు కదా."

"ఐదింటికే చోటుంది పిన్నీ."

మర్నాటికల్లా సంగతి పట్నంలో ఉన్న ఆడపడుచు స్తెపనీదా చెవిన పడింది. ఎలా పడిందో ప్రొకోపి మొహం చూస్తే తెలుస్తోంది.

"వదినా, అమ్మ ఆవుల్ని తోలేస్తున్నావటగా," అంది స్తెపనీదా ఫోన్లో. "అమ్మ ఆత్మ ఏమనుకుంటుంది?"

"మీ అమ్మ అన్నీ ముందే అనుకునే మనిషి వదినా. ఇదీ అనుకునే ఉంటుంది."

"అది మా వంశం పరువు."

"సగం పరువు ఇక్కడే ఉంటుంది. ఐదు ఆవులు. వచ్చి ఒక చలికాలం చూసుకో, నేను మీ ఇంట్లో ఉంటాను. మీ స్నానాల గదిలో వేణ్ణీళ్ళు గోడలోంచి వస్తాయట కదా."

స్తెపనీదాకి హఠాత్తుగా బీపీ గుర్తొచ్చింది. జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది.

మార్చిలో, ఏటి మీద మంచుదారి మెత్తబడకముందే, లారీ వచ్చింది. ఏ ఐదింటిని పంపాలన్నది వర్వారాకే వదిలేశారు. తన్నేవాటిని ముందు పంపుదామని రాత్రే నిశ్చయించుకుంది. పొద్దున్న కొట్టంలో నిలబడి చూస్తే తన్నేవే చెప్పుకోదగ్గ ఆవుల్లా కనిపించాయి. అలా అని సాధువుల్ని పంపాలన్నా చెయ్యి రాలేదు. చివరికి తలుపు దగ్గరున్నవాటి నుంచి వరసగా ఐదు విప్పింది. ఒక్కోదాని పొదుగుకి తోలు సంచి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసింది.

"దారిలో విప్పకండి. అక్కడ కూడా బయటికి తోలితే కట్టాల్సిందే. బొచ్చుందని వదిలేస్తారు, చనుమొనలు గడ్డకడతాయి," అంది డ్రైవరుతో. అతను ముందే తలూపాడు. ఆమె నమ్మక అదే మాట సయానాకి ఫోను చేసి చెప్పింది.

ప్రొకోపి లారీ దాకా వచ్చి, ముక్కు తుడుచుకుని, చలి అన్నాడు. కాగితం మీద వర్వారా సంతకం పెట్టేలోపు పెన్ను రెండుసార్లు గడ్డకట్టింది. లారీ మలుపు తిరిగాక ఆమె కొట్టంలోకి వెళ్ళి ఖాళీ అయిన సగంలో పేడ ఎత్తింది. ఆఖరిసారి కాబట్టి శుభ్రంగా ఎత్తింది.

మర్నాడు కూడా ఐదింటికే లేచింది. ఐదు ఆవుల పేడ, ఐదు ఆవుల నీళ్ళు, ఐదు ఆవుల పాలు. మోకాళ్ళు నిన్నటిలాగే నొప్పెట్టాయి. వాటికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. అయినా పని సగం సేపట్లోనే అయిపోయింది. పాలబకెట్టుతో ఇంట్లోకి వచ్చేసరికి ఆరున్నర కూడా కాలేదు.

ఆ వేళప్పుడు తన ఇల్లు ఎలా ఉంటుందో వర్వారా ఇన్నేళ్ళలో చూసి ఎరగదు. పొయ్యి వెలిగించి లేదు. టీ లేదు. ప్రొకోపి నోరు తెరుచుకుని, ఆమె పక్క మీద కూడా కాళ్ళు చాపి, నిద్రపోతున్నాడు. కిటికీ మంచు మీద నీలంగా వెలుగు మొదలవుతోంది. లేపుదామా అనుకుంది. లేపితే మాట్లాడతాడు.

బకెట్టు కింద పెట్టి, బూట్లయినా విప్పకుండా, గోడకి ఆనుకుని బెంచీ మీద కూర్చుంది. చెయ్యాల్సిన పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది గుర్తొచ్చేదాకా కూర్చోవచ్చు.