ఆవిడకి ఆకలి తక్కువ

“ఆవిడకి ఆకలి తక్కువండీ. మొదట్నుంచీ అంతే,” అన్నారు మావారు డాక్టరుతో.

నిజంగానే ఆకలి తక్కువా అని ఆ డాక్టరమ్మ అడిగింది నన్ను. ఆమె నా వైపే చూస్తూ ఉండటంవల్ల నేనూ తల ఊపాను. ఊపిన తరువాత, అది నిజమేనా అన్న సందేహం మొదలైంది. ఆకలి తక్కువని నాకెలా తెలుసు? ఆయన చెప్పడంవల్లనా, లేక నాకు తెలిసినదాన్నే ఆయన చెబుతున్నారా? కాలేజీలో తర్కశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. ఇంత చిన్న ప్రశ్నలో ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక, బల్లమీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ కూర్చున్నాను.

మేమక్కడికి వెళ్ళడానికి కారణం, నేను వంటింట్లో రెండోసారి పడబోవడం. స్పృహ తప్పలేదు. గోడ ఒక పక్కకి జరిగినట్టయింది, చేతిలోని కప్పు జారింది. షుగరు మాత్రలు మొదలుపెట్టినప్పటినుంచీ పొద్దున పూట ఇలా జరుగుతోంది.

“మాత్ర వేసుకున్న అరగంటలో తింటున్నారా అమ్మా?” అందామె.

“మా ఇంట్లో టిఫిను ఎనిమిదింటికి. మమ్మల్ని చూసి మీరు గడియారం దిద్దుకోవచ్చు,” అన్నారు మావారు.

నేను మళ్ళీ తల ఊపాను.

“అయితే మాత్ర వల్ల కాదు. ఇంకేదో ఉంది. రేపు కాక ఎల్లుండి వచ్చి చేరండి, అన్ని పరీక్షలూ చేద్దాం. ఈ వయసులో పడి తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేవడం కష్టం. పక్కన పొయ్యి కూడా ఉంటుంది, ఆలోచించండి,” అందామె.

దారి పొడుగునా మావారు నాకు హితబోధ చేశారు. “నాలాగా ఓ పద్ధతి పెట్టుకోవాలి. వేళకి నడక, వేళకి తిండి, మధ్యాహ్నం కాసేపు కునుకు. పార్కులో పదిమంది నన్ను చూసి నేర్చుకుంటున్నారు. ఇంట్లోదానివి, నీకే పట్టలేదు. దీపం కిందే చీకటంటే ఇదే.” ఆయన మాటలో వెటకారం ఉంది గాని అబద్ధం లేదు. ఆయన ఆరోగ్యం నిజంగా చూడముచ్చటైనది. డెబ్భై దాటినా మెట్లెక్కితే ఆయాసం రాదు. నా ఆరోగ్యానికి లేనిదేమిటో, ఆయనదానికి ఉన్నదేమిటో తెలియక నేను కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున, విద్యార్థులకు చెప్పినట్టే, నన్ను నేను గమనించడం మొదలుపెట్టాను. ఏడున్నరకి మాత్ర వేసుకున్నాను. మావారు నడక నుంచి వచ్చేసరికి గోరువెచ్చని నీళ్ళు అందించాను. ఎనిమిదింటికి ఆయన కూర్చున్నారు. టిఫిను కొంచెం కొంచెంగా, వేడివేడిగా పళ్ళెంలో పడితేనే ఆయన తింటారు, చల్లారినది అరగదు. అలా పెడుతుండగానే కొడుకూ కోడలూ వచ్చారు, వాళ్ళకి పెట్టి డబ్బాలు సర్దాను. గిన్నెలు నానబెట్టి, గట్టు తుడిచి, స్నానం చేసి వచ్చి మిగిలినది పళ్ళెంలో వేసుకుని గడియారం చూశాను. పది కావస్తోంది.

నా కళ్ళను నేను నమ్మలేదు. హాల్లోకి వెళ్ళి అక్కడి గడియారం కూడా చూసి వచ్చాను. డాక్టరు ముందు నేను అబద్ధమాడలేదు. మేము ఎనిమిదింటికి తింటామని నా నమ్మకం. ఉద్యోగం రోజుల్లో మొదటి పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో డబ్బా మూత తీసినప్పుడు కూడా, ఇంట్లో ఎనిమిదింటికే టిఫిను అయిపోయిందన్న నిశ్చింతతోనే తినేదాన్ని. ఆయన ఎనిమిది కచ్చితంగా ఎనిమిది కావాలంటే నా వేళ రబ్బరులా సాగాలి. ఆయన పద్ధతికి కారణం నా పద్ధతి లేకపోవడమే. ఇంత స్పష్టమైన కార్యకారణ సంబంధం నాకెందుకు కనబడలేదు?

తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి క్లాసులో ఏటా చెప్పేదాన్ని. ఒకదాని తరువాత ఒకటి జరిగినంతమాత్రాన మొదటిది కారణం కాదని చెప్పి, పిల్లల్ని నవ్వించేదాన్ని. నేను ముందు కూర్చుంటే ఇంట్లో ఎవరికీ తిండి జరగదని నమ్మిన మనిషిని, ఏ మొహంతో నవ్వించానో.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఆప్యాయంగానే అన్నది, “వండేదాని కడుపు వాసనకే నిండిపోతుందే అమ్మాయ్” అని. ఆవిడ కూడా ఎవరి దగ్గరో విని ఉంటుంది. నేను దాన్ని శరీర ధర్మంగా తీసుకున్నాను, డిగ్రీలున్నదాన్ని.

పళ్ళెం ముందు కూర్చుని చేతులు చూసుకున్నాను. వేళ్ళు వణుకుతున్నాయి. మెడ వెనక చెమట. కోడలు వెళ్ళేముందు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని విసుక్కున్నాను. ఇదేమీ కొత్త కాదు. మాత్రలు దీన్ని పెంచాయి గాని పుట్టించలేదు. “పొద్దున్నే మీ అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే హెల్మెట్ పెట్టుకోవాలిరా,” అని మావారు కొడుకుతో జోకు వేసేవారు. “ఏదైనా అడగాలంటే పదకొండు దాటాక అడగండి, అప్పుడు అత్తయ్య దేవత,” అని కోడలు తన తమ్ముడికి ఫోనులో చెప్పడం ఒకసారి నా చెవిన పడింది. నాకు ముక్కుమీద కోపమని, అది పుట్టుకతో వచ్చిందని నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు నాలుగు ముద్దలు తినేసరికి వేళ్ళు నిలిచాయి. మూత సంగతి అల్పంగా తోచింది. అయితే నా స్వభావమని ఇన్నాళ్ళూ మోసినదాంట్లో స్వభావమెంత, ఆకలెంత? కోపమని క్షమాపణలు చెప్పుకున్నది దేనికి? లెక్క ఎటునుంచి మొదలుపెట్టాలో అంతుపట్టలేదు.

డాక్టరుకి ఫోను చేశాను. “ఎనిమిదింటికి తినేది మావారమ్మా,” అన్నాను.

“మరి మీరు?”

“అందరిదీ అయ్యాక.”

“చేరడం ఇప్పుడొద్దు. మాత్ర వేసుకున్న అరగంటలో మీరు తినండి. వారం చూద్దాం. మీరు తినండి అంటున్నాను, అర్థమైందా అమ్మా?”

అర్థం కావడం వేరు, కూర్చోవడం వేరు. మర్నాడు ఎనిమిదింటికి వండినదంతా ఒకేసారి గిన్నెలో పెట్టి బల్లమీదికి తెచ్చి, మావారి ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. ఆయన నన్ను, తన ఖాళీ పళ్ళేన్ని మార్చి మార్చి చూశారు.

“ఎవరైనా వస్తున్నారా?”

“లేదండీ. గిన్నె మీ చేతికందేట్టే పెట్టాను.”

“చల్లారిపోతుందే.”

“అందుకే తొందరగా కానివ్వండి.”

ఆయన గరిటె ఎటు పట్టుకోవాలో తెలియనివాడిలా పట్టుకున్నారు. కోడలు గుమ్మంలో ఆగి, డబ్బాలు తనే తీసుకుంది. నేను పళ్ళెంలో కొంచెం వేసుకున్నాను. మరికొంచెం వేసుకున్నాను. ఆయనకెంత కావాలో, కొడుక్కెంతో, కోడలు ఎంత వదిలేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నాకెంతో చెప్పే మనిషి ఇంట్లో లేరు. మిగిలినదే నా కొలతగా ఇంతకాలం గడిచింది, ఇవాళ గిన్నె నిండుగా ఉంది. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

“చాలా?” అన్నారు మావారు, గిన్నె వైపు చూస్తూ.

“తెలీదండీ,” అన్నాను. “తిని చూస్తాను.”