దేవీప్రసాద్ కార్జం

ఆటోనగర్‌లో లేత్ మెషిన్ ముందు పదేళ్లుగా నిలబడుతున్న దేవీప్రసాద్ జీవితంలో మందు చుక్క ముట్టలేదు. కానీ నమ్మేవాళ్లేరీ! నెల రోజులుగా కుడి డొక్కలో నొప్పి, వచ్చిపోయే జ్వరం. స్కానింగు తీస్తే లివర్ వాచిందనీ, మచ్చలున్నాయనీ రిపోర్టు. ఇక అంతే.

"సెప్పు బావా, క్వార్టరా, హాఫా?" అని పక్క మెషిన్ మీద పనిచేసే పోలిరాజు కన్నుకొట్టాడు.

పోలిరాజు సంగతి సరే. భార్య సత్యశ్రీ కూడా రోజూ సాయంత్రం గుమ్మంలోనే ఆపి, "ఏదీ, ఊదండి" అనడం మొదలుపెట్టింది. ట్రాఫిక్ పోలీసు కూడా అంత శ్రద్ధగా వాసన చూడడు!

"నాను తాగనే సత్యా."

"మరి లివరు ఊరికే పాడైపోద్దేటి? దార్లో పుదీనా బిళ్ల నమిలొచ్చీసుంటారు!" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె అతన్ని అనుమానించడం ఇదే మొదటిసారి. నొప్పినైనా ఓర్చుకోగలడు గానీ, ఇది ఓర్చుకోలేకపోయాడు.

ఆదివారం అచ్యుతాపురం దగ్గరి ఊరి నుంచి అత్తగారు గురువమ్మ బస్సు దిగింది. సంచిలో ఎప్పటిలాగే పొలం కాలువ నీళ్లలోంచి కోసిన తూటికూర. ఊళ్లో ఆవిడకి పాతిక గొర్రెలున్నాయి. అల్లుడి కంటిరెప్ప కిందికి లాగి చూసింది, డొక్క నొక్కింది, అచ్చం గొర్రెను చూసినట్టే!

"బాబూ, నానంపే ఈ కూర ఎలా తింతన్నావు?"

"పచ్చిదే అత్తా, నిమ్మకాయ పిండుకుని. బరువు తగ్గుద్దని వీడియోలో సెప్పేరు."

గురువమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మా! కాలవ గట్టున మేసే గొర్రెలకి కార్జంలో జలగలు పడతాయి బాబూ. పశువుల డాక్టరు సూపించేడు నాకు, ఆకులాగ పల్చగుంటాయి. కూర వండుకుంటే ఏటీ అవదు. ఒసే సత్తీ, నీ మొగుడు తాగలేదే. మేసేడు!"

మర్నాడు ఆస్పత్రిలో ఆవిడ మాట విని డాక్టరమ్మ నవ్వలేదు. రక్తపరీక్ష, విరేచన పరీక్ష రాసింది. నాలుగు రోజులకి తేలింది: కార్జపు జలగలే.

"మనుషుల్లో అరుదు. ఏళ్ల తరబడి వదిలేస్తే పైత్యరసం గొట్టాలు మూసుకుపోయి లివర్ శాశ్వతంగా దెబ్బతినొచ్చు. టైముకొచ్చారు, మాత్రలతో తగ్గిపోతుంది. మీకు మందు అలవాటు..."

"లేదండి!" అంది సత్యశ్రీ, అతనికన్నా ముందు, గది అదిరేలా.

వరండాలోకి రాగానే ఒక చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసింది.

"వదినా, మా ఆయనకి తాగుడు కాదొదినా, పురుగులు! ఆఁ, పురుగులే! కార్జం నిండా!"

జనమంతా తలలు తిప్పి చూశారు. "నెమ్మదిగానే..." అని దేవీప్రసాద్ సిగ్గుతో గోడకి అతుక్కుపోయాడు. ఆమె ఆగలేదు. పెదనాన్నకి చేసింది, పిన్నికి చేసింది. ఆరో నంబరు నొక్కుతుంటే ఆమె ఫోనులో ఛార్జింగు అయిపోయింది.

దేవీప్రసాద్ తన జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.