నాలుగు గ్లాసుల బియ్యం

గిన్నె మీద మూత టకటకలాడుతోంది.

ఆవిరి కిటికీ అద్దానికి పట్టి, ఎదురు వీధి కనిపించకుండా పోయింది. బొంగరం పొయ్యి ముందు నిలబడి మూత చప్పుడు వింటోంది. గదిలో ఇంకో చప్పుడు లేదు.

బొంగరం అన్నది హోమ్‌లో పిల్లలు పెట్టిన పేరు — ఒక్కచోట కుదురుగా ఉండదని. ఇప్పుడు ఉంటోంది. తిరగడానికి గది చాలదు మరి.

అమ్మానాన్నలు లేని పిల్లల హోమ్ అది. అరవై కంచాలు. పన్నెండో ఏటి నుంచీ ఆ వంటింట్లో బొంగరానిదే చెయ్యి. నీళ్లు బకెట్లతో, ఉప్పు పిడికిళ్లతో, బియ్యం... బియ్యం కళ్లతోనే కొలిచేది. పద్దెనిమిదేళ్లు నిండాయి. మంచం ఇంకో పిల్లకి ఇచ్చేసి, ఈమెకి ఈ గది చూపించారు.

అరవై మందికి వండిన చెయ్యి, ఒక్కరికి వండమంటే తడబడింది.

నవ్వకండి. మొదటి రోజు వండిన అన్నం మూడు రోజులు తింది.

"నీ ఇల్లు బంగారం కానూ! ఊరందరినీ భోజనానికి పిలిచావా ఏంటే?" అంది టీచరక్క.

హోమ్ వదిలిన పిల్లలకి సొంతంగా బతకడం నేర్పే ఉద్యోగం టీచరక్కది. శనివారం శనివారం, సాయంత్రం ఐదింటికి వచ్చేది. గ్యాస్ బండ మార్చడం నేర్పింది. బ్యాంకులో ఫారం నింపడం నేర్పింది. నొప్పి ఎక్కడో డాక్టరుకి చెప్పడం నేర్పింది. తలుపుకి లోపల గడియ పెట్టుకోవడం కూడా... హోమ్ గదులకి లోపల గడియలు ఉండవు కదా.

ఆమె పుస్తకంలో ఒక్కో పనికీ ఒక్కో టిక్కు పడుతూ వచ్చింది. చివరికి ఒక్కటే మిగిలింది — ఒక్కరికి సరిపడా వండుకోవడం.

"అదీ వచ్చేసిందంటే ఇక నేను రానక్కర్లేదు. నీ వెనక ఇంకో పదిహేడు మంది ఉన్నారు తల్లీ."

ఆ పూట బొంగరం కంచంలో అన్నం అలాగే మిగిలిపోయింది.

పగలు లాండ్రీలో పని. దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి — అటు రెండు మూలలు, ఇటు రెండు మూలలు. దగ్గరికొస్తారు, మూలలు కలుపుతారు, దూరం జరుగుతారు. గదికొచ్చాక తన దుప్పటి కొసని కిటికీ కొక్కేనికి తగిలించి మడుస్తుంది.

కిటికీ దగ్గరికి రాదు. తనే వెళ్లాలి.

సోమవారం, మంగళవారం, బుధవారం... చిన్న గిన్నెలో ఒక గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్లు. ఒక్క మెతుకు మిగలదు.

శనివారం మాత్రం పెద్ద గిన్నె. నాలుగు గ్లాసుల బియ్యం.

"మళ్లీనా!" అని టీచరక్క తల పట్టుకునేది. తిట్టేది. తిడుతూనే కూర్చుని తినేది. వచ్చే వారం చూద్దాంలే అని పుస్తకం మూసేది.

అలా ఐదు శనివారాలు గడిచాయి.

ఆరో శనివారం, మంచినీళ్ల గ్లాసు కోసం అలమరలో చెయ్యి పెట్టిన టీచరక్కకి చిన్న గిన్నె తగిలింది. తిప్పి చూసింది. అడుగంతా నలుపు. రోజూ పొయ్యెక్కితే తప్ప అంత నలుపు రాదు.

"ఎన్నాళ్లయిందే నేర్చుకుని?"

"నెల దాటింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు రారుగా అక్కా."

టీచరక్క రెండోసారి వడ్డించుకుంది. తిన్న కంచం కడిగి బోర్లించింది. పుస్తకం తీసి టిక్కు పెట్టింది — ఉద్యోగం మరి. గుమ్మం దగ్గర మాత్రం ఆగింది.

"నేనూ ఒక్కదానికే వండుకుంటానే. ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ ఒక్కోరోజు ఓ గ్లాసు ఎక్కువ పడుతుంది... సరే, గడియ పెట్టుకో."

మెట్లు దిగుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు.

ఇవాళ మళ్లీ శనివారం. ఐదవుతోంది. రానన్న మనిషి రాదని బొంగరానికి తెలుసు. ఒక్కరికి వండుకోవడం కూడా తెలుసు — పుస్తకంలో టిక్కు ఉంది.

తలుపుకి గడియ పెట్టలేదు.

పొయ్యి మీద పెద్ద గిన్నె. మూత టకటకలాడుతోంది...