యాగోద క్లాసుకు ఒక సంతకం

ఆదివారం పిరోగీ కుడుములకు పిండి కలుపుతుంటే మా అత్తగారు గెనొవేఫా చర్చి నుంచి తెచ్చిన కాగితం నా ముందు పెట్టింది. ఒంటి సంగతులు చెప్పే ఆరోగ్య విద్య క్లాసుకు మా అమ్మాయి యాగోదను పంపబోమని బడికి రాసివ్వాలట.

"సంతకం పెట్టెయ్ దొరోతా. పన్నెండేళ్ల పిల్లకి అవన్నీ ఎందుకు?"

"మన ఇంట్లో ఎవరూ నేర్పకుండానే పిల్లలు పుట్టారుగా," అని నా మొగుడు లెషెక్ ముందుగదిలోంచే తీర్పు చెప్పి టీవీ సౌండు పెంచాడు. పిల్ల విషయంలో అతని ఓపిక అంతవరకే.

నేనూ పన్నెండేళ్లకే పెద్దమనిషినయ్యాను. చచ్చిపోతున్నానని ఏడుస్తూ వెళ్తే మా అమ్మ చెంప మీద ఒకటి కొట్టి, "బుగ్గలు ఎర్రగా ఉండాలని కొడతారే," అంది. ఆమెనూ వాళ్లమ్మ అలాగే కొట్టిందట. బడిలో మగపిల్లల్ని ఫుట్‌బాల్‌కి పంపేసి, ఒక చర్చి సిస్టర్ మాకు గంటసేపు సిగ్గు గురించి పాఠం చెప్పింది. మిగతాది పెళ్లయ్యాక లెషెక్ నేర్పాడు, తనకు తెలిసినంత. నొప్పిగా ఉందని అతనితో ఏనాడూ అనలేదు. ఎక్కడ అని అడిగితే ఏమనాలో తెలియదు. అందుకు నా కోపం అతని మీద కన్నా నా మీదే ఎక్కువ.

"పెట్టను అత్తయ్యా," అన్నాను.

గొడవ చేస్తుందనుకున్నాను. లేచి వెళ్లి వంటింటి తలుపు మూసి వచ్చింది.

"ఆ క్లాసులో మా వయసు వాళ్ల సంగతులు కూడా చెప్తారా?"

"ఎందుకు?"

"ఈస్టర్ నుంచి నాకు మళ్లీ ఎర్రగా కనిపిస్తోంది. బట్టలు నేనే ఉతుక్కుంటున్నాలే, నీకేం పని పెట్టలేదు."

ఆమెకు డెబ్బై ఒక్కేళ్లు. ఈస్టర్ వెళ్లి అయిదు నెలలు. నాకు భయం వేసింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? నీ మొగుడికా, ఫాదర్‌కా?"

మర్నాడు పనికి సెలవు పెట్టి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాను. యాగోద క్లాసుకు వెళ్తుందని లెషెక్‌కు గుమ్మంలోనే చెప్పేశాను. కుర్ర డాక్టరు కంప్యూటర్ వైపే చూస్తూ, "రక్తం ఎక్కడినుంచి వస్తోందమ్మా?" అని అడిగాడు.

"కింద," అంది అత్తగారు.

"కింద అంటే? మూత్రంలోనా, మలంలోనా?"

ఆమె తల దించుకుని నా చెయ్యి పట్టుకుంది.

"యోని నుంచి," అన్నాను.

నాకు నలభై మూడేళ్లు. ఒక బిడ్డను కన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.