సాక్ష్యం చెప్పిన నోరు

నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకే తెచ్చి ఉంటే ఇంత బాధ లేదు. ద్వాలి యాడి వీపుకు తెచ్చింది.

టేకులపల్లి అడవి అంచున మా తండా. అందులో తొమ్మిది ఇళ్లవాళ్లం యేసును నమ్ముకున్నాం. రేకుల మందిరం కట్టుకుని, తండా అంతా వినపడేలా మైకు పెట్టుకున్నాం. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు చేసిన మేలు లేచి చెప్పాలి. ఎంత పెద్ద గండం తప్పిందని చెబితే అంత గట్టిగా హల్లెలూయ అంటారు. ఆ హల్లెలూయకు రుచి మరిగినదాన్ని నేను.

2006 వానాకాలంలో నాకు జ్వరమొచ్చింది. పక్కింటి ముసలమ్మ ద్వాలిని మేం యాడి అంటాం, అంటే అమ్మ. ఆమె మా మందిరానికి రాదు. అయినా మూడు రోజులు నా మంచం పక్కనే కూర్చుని ఆకు కషాయం తాగించింది. సర్కారు నర్సమ్మ ఇచ్చిన మాత్రలూ మింగాను, ప్రార్థనా చేసుకున్నాను. తగ్గింది.

ఆదివారం మైకు పట్టుకుని ఏమన్నానో తెలుసా?

"ద్వాలి నా మీద ఏదో చేసింది. దాని కషాయం పారబోసి యేసు నామం ఎత్తిన. పట్టింది ఇడిసిపోయింది."

మందిరం దద్దరిల్లింది. సిగ్గులేనిదాన్ని, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

నెల తిరక్కుండా మా తండాలోనే ఉండే లాలు పిల్లలిద్దరూ జ్వరంతో పోయారు. అప్పుడు తండాకు నా సాక్ష్యం గుర్తొచ్చింది. ద్వాలే చేతబడి చేసిందన్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే పదిమంది మగవాళ్లు ద్వాలి ఇంటి ముందు గొంతుక్కూర్చున్నారు. ఎవరూ తిట్టడం లేదు, అరవడం లేదు. లాలు పక్కన కిరసనాయిలు డబ్బా ఉంది. నేను పాస్టర్ చందూలాల్ దగ్గరికి పరుగెత్తాను.

"అయ్యగారూ, నేను అబద్ధం చెప్పిన. ఇయ్యాల మైకుల ఒప్పుకుంట."

"సాక్ష్యమే అబద్ధమంటే రేపు మనల్ని ఎవరు నమ్ముతరు సిస్టర్? ఉపాస ప్రార్థన పెడదాం. దేవుడు చూసుకుంటడు."

"దేవుడు చూస్తనే ఉన్నడు అయ్యగారూ. గందుకే నాకు భయమైతాంది."

పాట సగంలో ఉండగానే మైకు లాక్కున్నాను. కషాయం తాగానని, అది నాకు మేలే చేసిందని, మెప్పు కోసం ఆమె మీద అబద్ధమాడానని చెప్పాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. నా పెనిమిటి తల దించుకున్నాడు.

తండా నాయకుడు రెడ్యా గుమ్మంలోకి వచ్చాడు. వెనకే లాలు.

"అప్పుడు గూడ మీ దేవుని ముందటనే చెప్పినవు గదనే. ఏది నమ్మాలె?"

మైకు కింద పెట్టాను.

"దాన్ని ఎనకేసుకొస్తాందంటే ఈమెకు గూడ నేర్పిందేమో," అన్నాడు లాలు మెల్లగా. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టినవాడు. వాడి మీద నాకు కోపం రాలేదు.

ఇద్దరూ తిరిగి ద్వాలి వాకిట్లోకి పోయారు. నేనూ వెనకే నడిచాను. కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని నాకు దారిచ్చారు. అడ్డం పడి తన్నినా అంత భయపడేదాన్ని కాదు. వెళ్లి ద్వాలి అరుగు మీద, ఆమె పక్కన కూర్చున్నాను.

మైకులో పాస్టర్ ప్రార్థన మొదలైంది. ద్వాలిని కాపాడమని గొంతు పగిలేలా వేడుకుంటున్నాడు. మావాళ్లు ఆమెన్, ఆమెన్ అంటున్నారు.

"పో బిడ్డా," అంది ద్వాలి. "నిన్ను గూడ నాతోని కలుపుతరు."

"కలపనీ యాడీ."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మందిరం గుమ్మం వైపు చూశాను. ఒక్కరైనా వస్తారని, నా పెనిమిటైనా వస్తాడని కళ్లార్పకుండా చూశాను. అందరూ మోకాళ్ల మీదే ఉన్నారు.

లాలు కిరసనాయిలు డబ్బా అందుకుని లేచాడు.