పెద్ద స్కాన్ బేరం

మల్లేశ్వరికి ఊపిరి అందడం లేదు. డాక్టర్ హారిక ఐసీయూలో మంచం పక్కకే చిన్న అల్ట్రాసౌండ్ మిషను తెప్పించి, ఛాతీ మీద ఆనించి చూసింది.

"గుండె చుట్టూ నీరు చేరిందండీ. గుండెను కొట్టుకోనివ్వడం లేదు. ఇప్పుడే సూదితో తీసెయ్యాలి. సంతకం పెట్టండి."

మల్లేశ్వరి భర్త యలమందయ్యకు నమ్మకం కుదరలేదు. ముప్పై ఏళ్లుగా గుంటూరు యార్డులో మిర్చి కొంటున్నాడు. బస్తా మూతి దగ్గర కాయ ఎంత ఎర్రగా మెరిసినా, కుమ్మరించి అడుగు చూడనిదే ఏనాడూ సరుకు ఎత్తలేదు.

"మొత్తం కనపడే పెద్ద స్కాన్ తీయించరా అమ్మా?"

"సీటీ స్కాన్‌కి బయటికి తీసుకెళ్లాలి. బీపీ పడిపోతోంది, దారిలోనే ప్రాణం పోవచ్చు. ఇంకో జబ్బయితే నేనే పంపేదాన్ని. దీనికి ఇది చాలండీ."

మాలకొండయ్య అడ్డం వచ్చాడు. యార్డులో బ్రోకరు, మల్లేశ్వరి నోరారా అన్నయ్యా అని పిలిచే మనిషి. "ఏరా, సరిగ్గా చూడకుండా గుండెలో సూది పొడిపిస్తావా? తెలిసినోళ్ల స్కానింగ్ సెంటరుంది. అంబులెన్సు కింద పెట్టించా."

యలమందయ్య సంతకం పెట్టలేదు. డాక్టరమ్మ వద్దంటున్నా మంచం కదిలించమన్నాడు. లిఫ్టు ఆపి ఉంచడానికి తాను ముందుగా బయటికొచ్చాడు.

వరండా చివర మాలకొండయ్య, స్కానింగ్ సెంటరు మనిషి నిలబడి ఉన్నారు. కలిపిన చేతుల మీద తువ్వాలు. యార్డులో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. అవతలివాడు తల అడ్డంగా ఊపాడు. తువ్వాలు మళ్లీ కదిలింది. మాలకొండయ్య తన కమీషన్‌కి ఇంకో వేలు అడుగుతున్నాడు.

అక్కడ సరుకు మల్లేశ్వరి.

యలమందయ్య లోపలికి పరుగెత్తాడు. "తీసెయ్యండమ్మా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా సంతకం!"

హారిక మిషను తెర చూస్తూ సూది దించింది. ఎర్రటి నీరు దిగేకొద్దీ బీపీ పైకొచ్చింది.

సాయంత్రానికి మల్లేశ్వరి మాట్లాడింది. మాలకొండయ్య కొబ్బరినీళ్లతో వచ్చి అప్పటికే పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, మీరు తటపటాయిస్తుంటే అన్నయ్యే డాక్టరమ్మని తొందరపెట్టాడట కదా! లేకపోతే నేనుండేదాన్నా?"

"నాదేముందమ్మా," అన్నాడు మాలకొండయ్య, కళ్లు దించకుండానే.

యలమందయ్య మాలకొండయ్య వైపు చూశాడు. వాడి సంగతి చెబితే, డాక్టరు వద్దన్నా మంచం కదిలించమన్నది ఎవరో కూడా చెప్పాలి. మల్లేశ్వరి గుండె ఇవాళ ఆ రెండు నిజాల్లో ఏ ఒక్కదాన్నీ మోయలేదు.

"నిలబెట్టారేంటండీ, అన్నయ్యకి కుర్చీ వెయ్యండి," అంది మల్లేశ్వరి.

యలమందయ్య కుర్చీ లాగి వేశాడు.